గని మూశాక నీళ్లు తిరిగి వస్తాయా?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని, అంటే నేలను పైనుంచి పెద్ద గోతిలా తవ్వే గని, తవ్వితే చుట్టుపక్కల బావుల్లో నీళ్లెందుకు దిగిపోతాయి, గని మూసేశాక మళ్లీ వస్తాయా అని అడిగారు. వస్తాయి. కానీ త్వరగా రావు, ఒక్కోసారి పాత చోటికి రావు, వచ్చినవి పాత నీళ్లలా ఉండకపోవచ్చు.

ముందు గని లేనప్పటి సంగతి చూద్దాం. పడిన వానలో కొంత వాగుల్లో పారిపోతుంది, చాలావరకు ఎండకీ చెట్లకీ పోతుంది. మిగిలిన కాస్తే నేలలోకి ఇంకి, ఇసుకరాయి పొరల్లోనూ రాతి పగుళ్లలోనూ మెల్లగా పల్లానికి నడిచి, ఎక్కడో బుగ్గగానో వాగు అడుగు నుంచి ఊటగానో బయటపడుతుంది. వానల్లేని నెలల్లోనూ వాగు పారుతోందంటే అది ఈ ఊట చలవే. బొగ్గు పొర కూడా నీటిని మోస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. దాని నిండా సన్నటి నిలువు పగుళ్లుంటాయి. అమెరికాలోని పౌడర్ రివర్ బేసిన్‌లో పశువులకు నీళ్లిచ్చే బావులు చాలావాటికి బొగ్గు పొరే ఆధారం. అక్కడ పూర్వం బొగ్గు తనంతట తాను అంటుకుని కాలడంతో పైరాయి ఎర్రగా మాడి పగుళ్లిచ్చిన గుట్టలున్నాయి. వాన వాటిలోంచి సులువుగా కిందికి దిగుతుంది. గని కోసం తవ్వేసేది బొగ్గునొక్కదాన్నే కాదు, ఈ నీటి దారిని కూడా.

ఏటి ఇసుకలో చెలమ తీస్తే నాలుగు వైపుల నుంచీ నీరు ఊరి గుంటలోకి చేరుతుంది కదా, గనిలోనూ అదే జరుగుతుంది. చుట్టుపక్కల అన్నిటికంటే పల్లమైన చోటు అదే కావడంతో బుగ్గకో వాగుకో వెళ్లాల్సిన నీరు అటు తిరుగుతుంది. పని సాగాలంటే పంపులు పెట్టి దాన్ని తోడెయ్యాలి. దాంతో చుట్టూ నీటిమట్టం తగ్గుతుంది. బంకమట్టి, షేల్ (బంకమట్టి గట్టిపడి పలకల్లా మారిన రాయి) పొరల మధ్య ఒత్తిడితో నిలిచిన నీరైతే ఆ తగ్గుదల కిలోమీటర్ల దూరం పాకుతుంది. జర్మనీలోని హాంబాఖ్ లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు) గని సుమారు 400 మీటర్ల లోతు. దాన్ని పొడిగా ఉంచడానికి దశాబ్దాలుగా చుట్టూ బోర్లతో నీరు తోడుతున్నారు. తవ్వకం ఆగాక ఆ గుంతను నింపడానికి రైన్ నది నుంచి గొట్టాల్లో నీరు తెచ్చే పథకం వేసుకున్నారు, అయినా నిండడానికి దశాబ్దాలు పడుతుంది. గని సంపు, అంటే అడుగున నీరు చేరే గుంట, నిండుగా ఉంది కాబట్టి ఆ ప్రాంతంలో నీటికి కొదవ లేదనే వాదన నాకు బొత్తిగా నచ్చదు. సంపులో ఉన్నది బావులకూ వాగులకూ దక్కాల్సిన నీరే.

గోతిని మట్టితో పూడ్చినా పొరలు మునుపటి వరుసలో కుదరవు. పేల్చి తీసిన రాయి ముక్కల మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది, అదంతా నిండేదాకా నీటిమట్టం లేవదు. పైన డంపర్లు తిరిగి గట్టిపడిన మట్టిలోకి వాన సరిగ్గా ఇంకదు. పాత బుగ్గ ఎండిపోయి, మట్టి దిబ్బ పాదాన కొత్త ఊట పుట్టవచ్చు.

ఇక నీటి నాణ్యత. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. బొగ్గు పక్కనుండే నల్లటి షేల్‌ను పగలగొట్టి ఎండలో తిప్పి చూస్తే, కొన్నిట్లో ఇత్తడిలాంటి పసుపు చుక్కలు మెరుస్తాయి. అది పైరైట్, ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. గాలి తగలని లోతులో కోట్ల ఏళ్లు కదలకుండా ఉంటుంది. బయటికి తీస్తే గాలీ నీరూ తగిలి గంధకామ్లం పుడుతుంది, కొన్ని బాక్టీరియా ఆ పనిని ఇంకా వేగం చేస్తాయి. ఆ రాళ్లలోనే సున్నపు ఖనిజాలు తగినంత ఉంటే ఆమ్లం విరిగిపోతుంది, కానీ సల్ఫేట్, కాల్షియం, మెగ్నీషియం నీటిలోనే మిగిలి టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తం, పెరుగుతుంది. లీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటిందంటే తాగడానికి రుచించదు. సున్నం చాలకపోతే ఆమ్లం అలాగే మిగిలి అల్యూమినియం, మాంగనీస్‌లను కూడా కరిగించుకుంటుంది.

ఇలాంటి చోట బోరులో నుంచి సీసాలోకి పట్టిన నీరు తేటగా కనిపిస్తుంది. కాసేపు అలా ఉంచితే గాలి తగిలి మెల్లగా పసుపెక్కి, ఆపైన తుప్పురంగు మడ్డి అడుక్కి దిగుతుంది. ఇనుము ముందు నుంచీ అందులో ఉన్నదే, కరిగి ఉండడం వల్ల కనబడలేదు. అందుకే నమూనాను అక్కడికక్కడే వడగట్టి, కాస్త ఆమ్లం వేసి మూత బిగిస్తారు. నీటి ఆమ్లగుణం చెప్పే పీహెచ్ కూడా అక్కడే చూడాలి, ల్యాబుకు చేరేలోగా మారిపోతుంది. నీళ్లు తేటగా ఉన్నాయి కాబట్టి మంచివేనని ఎవరైనా అంటే నమ్మకండి.

బావి ఎండితే గని వల్ల అని ఒకరు, కరువు వల్ల అని మరొకరు అంటారు. తవ్వకానికి ముందు కొలిచిన లెక్కలు లేకపోతే ఆ తగవు తేలదు. అమెరికా 1977లో చేసిన చట్టం, అనుమతి అడిగే గని అక్కడి భూగర్భ జలాల వివరాలు ముందే చూపాలంటుంది. గని వల్ల ఎవరి నీరు పాడైనా, తగ్గినా ప్రత్యామ్నాయం కల్పించాల్సింది గని యజమానే అని కూడా అందులో ఉంది. నా దృష్టిలో గనులున్న ప్రతి దేశానికీ ఇలాంటి నియమం ఉండి తీరాలి.

మీకు అందుబాటులో బావి ఉంటే నీటి లోతు మీరూ కొలవచ్చు, పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి. గట్టు మీద ఒక గుర్తు పెట్టుకుని ప్రతిసారీ అక్కడి నుంచే టేపు వదలండి. పంపు వేయకముందే కొలవండి, వేశాక కొలిస్తే అది తాత్కాలికంగా దిగిన మట్టమే అవుతుంది. తేదీ, లోతు, ఆ వారం వాన పడిందా లేదా, ఈ మూడూ ఒక నోటుపుస్తకంలో రాయండి. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తప్పకుండా కొలవండి. ఏడాది రాశాక నాకు పంపండి, కలిసి గ్రాఫు గీద్దాం.

మీ తాతయ్య