కోరింగ మడ అడవికి వచ్చే ముందు: కొన్ని అపోహలు, అసలు సంగతులు

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కోరింగ అభయారణ్యం ఉంది. గోదావరి సముద్రంలో కలిసే చోట, ఉప్పునీటి బురదలో పెరిగిన మడ అడవి ఇది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. వచ్చినవాళ్లకు ఈ అడవిని దగ్గరుండి చూపించడం నా పని. ఏదో ఊహించుకుని వచ్చి, అది కనిపించక ఉసూరుమంటూ వెళ్లిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఏ టైముకి వెళ్లినా ఒకటే.

వాస్తవం: ఇక్కడ అన్నీ నీటిని బట్టే జరుగుతాయి. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఈరోజు పోటు వచ్చిన వేళకే రేపు రాదు, ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి దగ్గర ఆ తేడా తగ్గిపోతుంది. పోటు మీద బోటు సన్న కాలువల్లోకి కూడా వెళ్లగలదు. ఆటు మీద బోటుకు లోతు చాలదు గానీ, చెక్క నడకదారి మీద నిలబడితే బురదలో జరిగేదంతా కళ్ల ముందే ఉంటుంది. ఒక డెక్క మాత్రం ఒళ్లంత పెద్దదిగా ఉండే మగ పీతలు దాన్ని ఊపుతూ ఆడపీతలను పిలుస్తుంటాయి. నీళ్లు వదిలి బురద మీద గెంతే చేపలు కనిపిస్తాయి. వీలైతే నీరు దిగి ఉన్నప్పుడు వచ్చి నడవండి, ఎక్కాక బోటెక్కండి. కాకినాడ టైడ్ టైమింగ్స్ నెట్‌లో దొరుకుతాయి.

అపోహ: ఈ అడవిలో వచ్చే కుళ్లు వాసన ఊళ్ల మురుగుదే.

వాస్తవం: ఈ బురద లోపలికి గాలి చేరదు. రాలిన ఆకులు అందులో కుళ్లేటప్పుడు బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. గాలి లేని ఆ నేలలో బతకడానికే మడ చెట్టు వేళ్లను పైకి పంపుతుంది. దారి పక్కన వంగి చూడండి, బురదలోంచి నిటారుగా లేచిన వేళ్ల కొసలు వందల్లో ఉంటాయి. వాటి మీది సన్నటి రంధ్రాల గుండానే చెట్టుకు గాలి అందుతుంది. ఫొటో కోసం దారి దిగి వాటిని తొక్కేవాళ్లను రోజూ బతిమాలుకోవాల్సి వస్తోంది. దయచేసి దిగకండి.

అపోహ: ఇది కూడా బెంగాల్ మడ అడవి సుందర్‌బన్స్‌లాంటిదే, పులులుంటాయి.

వాస్తవం: ఇక్కడ పులులు లేవు. ఉన్నది నీటిపిల్లి. నీళ్లలో దిగి చేపలు పట్టే ఈ పిల్లి ఎక్కువగా రాత్రిళ్లు తిరుగుతుంది, కాబట్టి పగలు వచ్చిన మీకు కనిపిస్తుందని నేను మాట ఇవ్వలేను. నీరు దిగాక తడి బురద మీద దాని అడుగులు దొరికితే అదే అదృష్టం. గుంపుగా ఈదే నీటికుక్కలు కనిపించే అవకాశం కాస్త ఎక్కువ. పిట్టల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రండి. కింది ముక్కు పై ముక్కు కన్నా పొడుగ్గా ఉండి, దాంతో నీటిని కోస్తూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్లు చలికాలంలో కాకినాడ తీరానికి వస్తాయి. ప్రపంచంలోనే అరుదైపోతున్న పక్షి అది.

అపోహ: దేశంలో రెండో పెద్ద మడ అడవి ఇదే.

వాస్తవం: బోర్డుల మీదా వీడియోల్లోనూ ఈ మాట కనిపిస్తుంటుంది. కానీ విస్తీర్ణం చూస్తే గుజరాత్ తీరంలో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా మడ ఉంది. మన రాష్ట్రమంతా కలిపినా సుమారు 400 మాత్రమే.

అపోహ: ఆకులే కదా, తుంపితే ఏమవుతుంది?

వాస్తవం: తిల్ల చెట్టు ఆకు తుంపితే తెల్లటి పాలు కారతాయి. అవి ఒంటికి తగిలితే మంట, కంట్లో పడితే కొంతకాలం చూపే పోవచ్చు. పిల్లలతో వచ్చేవాళ్లు ముందే చెప్పి తీసుకురండి. గైడ్ చూపించిన మడాకు మీద మాత్రం వేలు రాసి నాలుకకు తగిలించుకోండి. ఉప్పగా ఉంటుంది. పీల్చుకున్న ఉప్పును ఆ చెట్టు ఆకుల గుండా బయటికి పంపేస్తుంది.

అపోహ: మొక్కలు నాటితే అడవి తిరిగొస్తుంది.

వాస్తవం: మొక్కలు నాటే కార్యక్రమం పెట్టమని కాలేజీల వాళ్లు చాలామంది అడుగుతుంటారు. మంచి మనసుతో అడిగేదే. కానీ చెట్లు పోయిన చోట నేల కుంగి పల్లమవుతుంది. పోటుకి వచ్చిన నీరు వెనక్కి పోలేక అక్కడే ఆగి ఎండలో ఆవిరైతే, ఆ మట్టిలో ఉప్పు పేరుకుపోతుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చచ్చిపోతాయి. ముందు నీటికి దారి ఇవ్వాలి. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీశాఖ కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో చేసింది ఇదే. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా పిల్ల కాలువలు, అచ్చం చేప ముల్లులాగా తవ్వారు. పోటూ ఆటూ ఆ కాలువల్లో ఆడి ఉప్పును కడిగేశాకే మొక్కలు పెట్టారు. ఊళ్ల మత్స్యకారులు కూడా ఆ పనిలో భాగమయ్యారు. మండపీతలు, రొయ్యలు, పండుగప్ప పిల్లలు పెరిగేది ఈ కాలువల్లోనే కాబట్టి అది వాళ్ల బతుకుదెరువు కూడా.

అపోహ: మడ ఉంటే తుఫాను ఏమీ చేయలేదు.

వాస్తవం: అలల జోరును మడ తగ్గిస్తుంది, గాలిని ఆపలేదు. 1839 నవంబరులో వచ్చిన తుఫాను దెబ్బకు కోరింగ రేవు మళ్లీ కోలుకోలేదు.

అపోహ: హోప్ ఐలాండ్‌కి ఎప్పుడైనా పిక్నిక్ వెళ్లొచ్చు.

వాస్తవం: కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న ఆ ఇసుక దిబ్బ కూడా అభయారణ్యంలోదే. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడికి వచ్చి గుడ్లు పెడతాయి. ఇసుకలోంచి బయటపడిన పిల్లలు వెలుతురును చూసి సముద్రం అటే ఉందనుకుంటాయి. మీ టార్చ్ వెలిగితే దారి తప్పుతాయి. అటవీశాఖ అనుమతి లేకుండా ఎవరు తీసుకెళ్తామన్నా వెళ్లకండి. కోరింగకు వచ్చేవాళ్లు కూడా బయల్దేరే ముందు ఫోన్ చేసి, ఆ రోజు బోట్లు ఏ వేళకు తిరుగుతాయో కనుక్కుని రండి. నీటిమట్టం, వాతావరణం చూసి గానీ బోటు తీయరు.