బీడీఎన్‌ఎఫ్ పనిచేయకపోతే తప్పు ప్రొటీన్‌దేనా? అపోహలు - వాస్తవాలు

నాడీకణాలు బతకడానికి, కొమ్మలు వేయడానికి తోడ్పడే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను పంది మెదడు నుంచి వేరుచేసినట్టు 1982లో ప్రకటించారు. ఇప్పుడు ల్యాబుల్లో వాడేది రీకాంబినెంట్ రకం, అంటే జన్యువును వేరే కణాల్లో పెట్టి తయారుచేయించినది. ప్రయోగం ఫలించకపోతే "లాట్ (కొన్న బ్యాచ్) బాగాలేదు" అనే ముందు వయల్ తెరిచాక ఏం జరిగిందో చూడాలి.

అపోహ: పౌడర్ కనిపించలేదు కాబట్టి వయల్ ఖాళీ.
వాస్తవం: 10 మైక్రోగ్రాములు కంటికి ఆనవు. మూతకు అంటుకుని ఉండొచ్చు, తెరిచే ముందు సెంట్రిఫ్యూజ్‌లో కాసేపు తిప్పండి.

అపోహ: ముందే పలచగా కలిపి పెట్టుకుంటే రోజూ పని తేలిక.
వాస్తవం: ఎక్కువ నష్టం ఇక్కడే. ఈ ప్రొటీన్‌కు ధనావేశం బాగా ఎక్కువ, గాజుకూ ప్లాస్టిక్‌కూ అతుక్కుంటుంది. నానోగ్రాముల స్థాయిలో ఒట్టి బఫర్‌లో ఉంచితే చాలా భాగం ట్యూబు గోడకే పోతుంది. వయల్‌తో వచ్చిన షీట్ వేరేగా చెప్పకపోతే, 10 మైక్రోగ్రాములకు 0.1 శాతం బీఎస్‌ఏ (గోడకు అతుక్కోకుండా కాపాడే తోడు ప్రొటీన్) ఉన్న స్టెరైల్ పీబీఎస్ (ఉప్పు బఫర్) 100 మైక్రోలీటర్లు పోయండి. వోర్టెక్స్ (యంత్రంతో గట్టిగా కుదపడం) వద్దు, నురగ వద్దు; పది నిమిషాలు వదిలి మెల్లగా కదపండి. ప్రొటీన్ తక్కువగా అతుక్కునే లో-బైండింగ్ ట్యూబుల్లో 5-10 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 80 డిగ్రీల సెల్సియస్‌లో పెట్టండి. కరిగించినది మళ్లీ గడ్డకట్టించకండి. 10 మి.లీ. మీడియంలో 2 మైక్రోలీటర్లు వేస్తే మి.లీ.కి 20 నానోగ్రాములు. మీడియంను ముందే ఫిల్టర్ చేసుకోండి. బీడీఎన్‌ఎఫ్ కలిపాక 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో పోస్తే కొంత అక్కడే ఆగిపోతుంది.

ఈఎల్‌ఐఎస్‌ఏ (యాంటీబాడీలతో ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష) స్టాండర్డ్‌కు బీఎస్‌ఏ ఉన్న రకం సరిపోతుంది; ప్రొటీన్‌కు రంగులాంటి గుర్తు తగిలించే లేబులింగ్‌కు అయితే బీఎస్‌ఏ లేని రకమే కొనాలి. బీఎస్‌ఏ ఉన్నదాన్ని మొత్తం ప్రొటీన్‌ను కొలిచే బీసీఏ పరీక్షతో కొలిస్తే వచ్చేది బీఎస్‌ఏ లెక్కే.

అపోహ: జెల్‌లో 14 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ వచ్చింది, డైమర్ (రెండు గొలుసుల జంట) విరిగి పాడైంది.
వాస్తవం: పాడవలేదు. రెండు గొలుసులూ డైసల్ఫైడ్ బంధంతో కలిసినవి కావు, డైసల్ఫైడ్లను తెంచే డీటీటీ వేయకపోయినా జెల్‌లోని డిటర్జెంట్ ఎస్‌డీఎస్ వాటిని విడదీస్తుంది. మూడు డైసల్ఫైడ్లూ ఒక్కో గొలుసు లోపలే ఉంటాయి.

అపోహ: ఈ.కోలై బ్యాక్టీరియాలో చేసింది నాసిరకం.
వాస్తవం: పరిణత రూపానికి చక్కెర గొలుసులు అక్కర్లేదు. చూడాల్సింది సరిగా మడతపడిందా, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా గోడ నుంచి వచ్చే విషపదార్థం) ఎంత అన్నవి. మైక్రోగ్లియా (మెదడులోని రోగనిరోధక కణాలు) ఉన్న కల్చర్లలో ఎండోటాక్సిన్ ఫలితాన్నే తారుమారు చేస్తుంది.

అపోహ: ఎలుక కణాలకు ఎలుక ప్రొటీనే కావాలి.
వాస్తవం: మనిషి, చిట్టెలుక, ఎలుక పరిణత రూపాల అమైనో ఆమ్ల క్రమం ఒక్కటే.

అపోహ: నాడీకణాలంటే చాలు, ఏవైనా స్పందిస్తాయి.
వాస్తవం: కణంపై బీడీఎన్‌ఎఫ్‌ను పట్టుకునే ట్రక్-బి గ్రాహకం ఉండాలి. ల్యాబుల్లో వాడే నాడీ కణితి కణాలు ఎస్‌హెచ్-ఎస్‌వై5వైలో మామూలుగా అది తక్కువ. 10 మైక్రోమోలార్ రెటినోయిక్ ఆమ్లంలో 5 రోజులు ఉంచాక, సీరం లేని మీడియంలో మి.లీ.కి 50 నానోగ్రాములు ఇవ్వండి. 5-15 నిమిషాలకు కణాలను పగలగొట్టి లైసేట్ తీసి, ఉత్తేజితమైన గ్రాహకాన్ని చూపే ఫాస్ఫో-ట్రక్-బి వెస్టర్న్ (యాంటీబాడీతో జెల్ పరీక్ష) చేయండి. బ్యాండ్ వచ్చిందా, ప్రొటీన్ బాగానే ఉంది. లోపం వేరే చోట వెతకాలి.