గేటు దాటాక ఎప్పుడూ కుట్టుమిషనే ఎందుకు?

మగాడు జైలుకెళ్లొస్తే మనవాళ్లు "శ్రీకృష్ణ జన్మస్థానానికి వెళ్లొచ్చాడు" అని నవ్వుకుంటారు. రాజకీయ నాయకుడైతే గేటు దగ్గరే పూలదండలు, అక్కణ్నించి ఇంటిదాకా కార్ల ర్యాలీ. ఆడమనిషి గురించి ఆ చమత్కారం ఎవరైనా వాడగా నేనైతే వినలేదు. ఆమె "జైలుకెళ్లొచ్చింది", అంతే. అది కూడా గొంతు తగ్గించి చెప్పే మాట. నిజానికి ఆ కథలో కటకటాల వెనక ఏళ్ల తరబడి మగ్గింది, బిడ్డను కన్నది దేవకి. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం 213 మంది ఖైదీలను శిక్షాకాలం పూర్తికాకముందే విడుదల చేసింది. వాళ్లలో 35 మంది ఆడవాళ్లు. కొంతమందికి జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో ఉద్యోగాలిచ్చారు, కొందరు ఆడవాళ్లకు కుట్టుమిషన్లు ఇచ్చారు. మంచి పనే, కాదనను. కానీ జైలు నుంచి వచ్చిన ఆడమనిషికి బతుకుదెరువు అనగానే మన బుర్రకు కుట్టుమిషనే ఎందుకు తడుతుంది అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. తవ్వుకుంటూ పోతే వందేళ్లు దాటిన కథ తేలింది.

దీని మీద నాకింత పట్టింపు రావడానికి కారణం ఒకామె. పేరు వద్దు. మలక్‌పేటలో మా గల్లీ చివర చీరలకు ఫాల్, పీకో చేసే కొట్టులో కూర్చుంటుంది. చంచల్‌గూడ మహిళా జైల్లో ఆరేళ్లున్నానని ఆమే ఒకరోజు, నా చీర అంచు మడతపెడుతూ, వాన గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. అక్కడ కుట్టు నేర్చుకుంది. మరి జాకెట్లు కుట్టవేం అని అడిగాను. "లోపల యూనిఫాములు కుట్టినం అక్కా. ఒక్కటే కొలత, వందల జతలు. జాకెట్ అట్లుండదు గదా, మనిషికో తీరు. చంక దగ్గర ముడత వస్తే మళ్ల రారు." ఆ ముడత గురించి నేను చదివిన ఏ కమిటీ సిఫార్సులోనూ లేదు.

సరే, వెనక్కి వెళ్దాం.

బ్రిటిష్‌వాళ్లు 1894లో జైళ్ల చట్టం తెచ్చారు. ఆడ ఖైదీలను మగవాళ్లకు దూరంగా, వేరుగా ఉంచాలని అందులో ఉంది. కాపలా, క్రమశిక్షణ, జైలు నేరాలు, వాటికి శిక్షలు, ఇలాంటివన్నీ వివరంగా ఉన్నాయి. గేటు బయట ఏం జరుగుతుందన్నది మాత్రం ఆ చట్టానికి పట్టని సంగతి. విడుదలైన ఖైదీలకు సాయం చేయడానికి అక్కడక్కడ సొసైటీలు పుట్టాయి, కాసింత దారిఖర్చు, ఓ జత బట్టలు, అలాంటి దయాధర్మం. మనిషిని బాగుచేసి సమాజంలోకి తిరిగి పంపడం కూడా జైలు పనేనని గట్టిగా చెప్పింది 1919-20 నాటి ఇండియన్ జైల్స్ కమిటీ.

ఆ లోపే మన తెలుగు నేల మీద "పని ఇచ్చి మార్చడం" అనే ప్రయోగం ఇంకో రూపంలో నడిచింది, దాన్ని దాటేసి పోతే కథ సగమే. 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలవాళ్లు అందులో చిక్కుకున్నారు. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చారు. అక్కడి జనం, ఆడవాళ్లతో సహా, చీరాల పొగాకు కంపెనీలో పనికి వెళ్లేవాళ్లు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి, కాబట్టి కూలి నచ్చకపోతే ఇంకోచోటికి పోవడం అనే మాటే లేదు. కంపెనీకి ఇంతకంటే ఏం కావాలి? 1952లో ఆ చట్టం పోయింది, ముద్ర పోవడానికి మాత్రం ఇంకా టైమ్ పడుతోంది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడం, ఈ విముక్త జాతులవాళ్లను అలవాటుపడ్డ నేరస్తులుగా చూడడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో చెప్పాల్సి వచ్చిందంటే చూడండి. లోపల ఎవరు ఊడుస్తారు, ఎవరు వండుతారు అన్నది కులం తేలుస్తుంటే, బయటికొచ్చాక చేతిలో ఉండే "అనుభవం" కూడా అదే కదా.

ఇప్పుడు జైలుకెళ్లొచ్చి ఏకంగా సంస్థలే కట్టిన ఒకావిడ దగ్గరికి వద్దాం. దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకెళ్లారు, బయటికొచ్చి ఆగిపోయిన చదువు మళ్లీ పట్టుకుని లాయరయ్యారు, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. విద్యానగర్‌లో ఆవిడ పేరు మీదున్న ఆస్పత్రి మనకు తెలిసిందే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదలైతే దానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఆ బోర్డు చేసిన తొలి పనుల్లో ఒకటి, జైళ్ల నుంచీ హోముల నుంచీ బయటికొచ్చేవాళ్లకు తర్వాత ఎలా ఆసరా ఇవ్వాలో చెప్పమని ప్రొఫెసర్ గోరే ఆధ్వర్యంలో కమిటీ వేయడం. 1955లో నివేదిక వచ్చింది. 1958లో అదే బోర్డు, చదువు మధ్యలో ఆగిపోయిన పెద్ద వయసు ఆడవాళ్ల కోసం కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. రెండు మూడేళ్లలో పరీక్ష కట్టించి నర్సుగానో టీచర్‌గానో గ్రామసేవికగానో వెళ్లేలా తయారుచేయడం అన్నమాట. ముందు చదువు, దాన్నుంచి ఉద్యోగం. కుట్టుమిషన్ దగ్గరే ఆగిపోని ఆలోచన డెబ్బై ఏళ్ల కిందటే మన దగ్గర, అదీ జైలుకెళ్లొచ్చిన ఒక తెలుగామె చేతుల్లో ఉంది.

ఇక్కడ ఒక్క పక్కమాట. 1972లో కేంద్రం స్వాతంత్ర్య సమరయోధులకు పెన్షన్ పెట్టింది. మామూలుగా ఆరు నెలల జైలు, ఆడవాళ్లకైతే తర్వాత మూడు నెలలు చాలన్నారు, జైలు సర్టిఫికెట్ చూపిస్తే పెన్షన్. అంటే ఏ కేసులో వెళ్లారన్నదాన్ని బట్టి, జైల్లో ఉన్నట్టు చూపే కాగితం ఒకరికి పెన్షన్ తెచ్చిపెట్టింది, ఇంకొకరికి పాచిపని కూడా దొరక్కుండా చేస్తోంది.

1958లోనే ప్రొబేషన్ చట్టమూ వచ్చింది. చిన్న నేరాల్లో, మొదటిసారి తప్పుచేసినవాళ్లను హెచ్చరించో, మంచి నడవడిక మీద బాండ్ రాయించుకునో వదిలేయొచ్చు. అలా వదిలినవాళ్లకు ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని పన్నెండో సెక్షన్ చెబుతుంది. కానీ ఇది జైలు దాకా పోకుండా ఆగినవాళ్ల కోసం. జైలుకెళ్లి శిక్ష మొత్తం అనుభవించినామెకు మచ్చ మాఫీ చేసే అలాంటి వాక్యం ఆ చట్టంలో లేదు. శిక్ష పూర్తిచేసినవాళ్ల కన్నా శిక్ష తప్పినవాళ్లే నయం.

తర్వాత కమిటీల కాలం. జస్టిస్ ముల్లా కమిటీ 1980 నుంచి 83 దాకా దేశంలోని జైళ్ల పరిస్థితిని పరిశీలించింది. ఆడ ఖైదీల కోసమే జస్టిస్ కృష్ణయ్యర్ ఆధ్వర్యంలో 1986లో నిపుణుల కమిటీ వేశారు. కృష్ణయ్యర్ అంటే జైళ్ల మీద సుప్రీంకోర్టులో గట్టి తీర్పులిచ్చిన మనిషి, స్వయంగా జైలు చూసిన మనిషి కూడా. పోలీసు శాఖలో, ఆడవాళ్ల కేసులు చూసే చోట ఎక్కువమంది ఆడవాళ్లను పెట్టాలని ఆ కమిటీ చెప్పిన మాట ఇప్పటికీ అందరూ ఎత్తిచూపుతారు.

కూలి సంగతి తేల్చింది కోర్టులు. ఖైదీతో పనిచేయించుకుని డబ్బివ్వకపోవడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందని 1988లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే తీర్పిచ్చింది. పదేళ్ల తర్వాత, 1998లో, సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో న్యాయమైన కూలి ఇవ్వాలనీ అందులో కొంత బాధితుల కోసం తీసిపెట్టాలనీ చెప్పింది. చేతిలో నాలుగు డబ్బులతో గేటు దాటడానికీ వట్టిచేతులతో దాటడానికీ ఎంత తేడా ఉంటుందో మన ఫాల్-పీకో ఆమెను అడగండి. బయటికొచ్చిన మొదటి నెల గది అద్దె ఆ డబ్బుల్లోంచే కట్టిందట.

మరి కుట్టు ఎలా స్థిరపడింది? నాకర్థమైనంతలో కారణం లెక్కల్లో ఉంది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వాళ్లలో ఆడవాళ్లు 23,772. నూటికి నలుగురు. మగవాళ్ల జైళ్లలో స్టీలు ఫర్నిచరూ ప్రింటింగూ మగ్గాలూ పెడతారు, పెద్ద షెడ్లు, పెద్ద మిషన్లు. ఆడవాళ్లు కొద్దిమందే కాబట్టి ఒక గదిలో పట్టేది, తక్కువ ఖర్చులో అయ్యేది, "ఆడవాళ్లకు తగినది" అనిపించేది చూస్తారు. మూడింటికీ సరిపోయేది కుట్టు. ఇంకో తిరకాసు కూడా ఉంది, మొత్తం ఖైదీల్లో నాలుగింట మూడొంతులు ఇంకా విచారణలో ఉన్నవాళ్లే. బెయిల్ ఎప్పుడొస్తుందో తెలియదు, ఆరు నెలల కోర్సులో చేరితే మూడో నెలలో బయటుండొచ్చు, లేదా మూడేళ్లు ఏమీ నేర్చుకోకుండానే లోపలుండొచ్చు. శిక్షణ అంతా శిక్షపడ్డవాళ్లను దృష్టిలో పెట్టుకుని అల్లిందే.

తెలంగాణ వచ్చాక జైళ్ల శాఖలో కదలిక వచ్చింది, ఒప్పుకోవాలి. వేలిముద్రగాళ్లను సంతకం దాకా తెచ్చే విద్యాదానం కార్యక్రమం, "మై నేషన్" పేరుతో జైలు సరుకులు, ఖైదీలతోనూ విడుదలైనవాళ్లతోనూ నడిచే పెట్రోల్ బంకులు. ఆడవాళ్లే నడిపే బంకూ చంచల్‌గూడలో తెరిచారు. నా దృష్టిలో ఇన్ని దశాబ్దాల్లో జరిగిన వాటిలో పనికొచ్చిన మార్పు అదే, ఎందుకంటే అక్కడ యజమానికి అంతా ముందే తెలుసు. దాచాల్సింది లేదు. పోలీస్ వెరిఫికేషన్ అంటే గుండె దడదడలాడక్కర్లేదు. నెల జీతం, యూనిఫాం, పది మంది మధ్య ఉద్యోగం. కుట్టుమిషన్‌తో ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే బేరాలు తెచ్చుకోవాల్సింది ఆమే, తేవాల్సింది ఆమెను చూసి మొహం తిప్పుకునే ఆ వాడకట్టు నుంచే. ఇబ్బందల్లా బంకులు కొన్నే ఉండడం.

బయటి మార్కెట్‌లో అడ్డం పడేవి చూడ్డానికి చిన్నవి. మా ఆమె కథే చెప్తాను. బయటికొచ్చాక ఒక హౌస్‌కీపింగ్ ఏజెన్సీకి వెళ్లింది, గచ్చిబౌలి ఆఫీసుల్లో పని, బస్సు ఎలాగూ ఫ్రీ. వాళ్లు ఆధార్ అడిగారు. అది మరిది దగ్గరుంది, ఇవ్వనన్నాడు. మీసేవకు వెళ్తే పాత ఫోన్ నంబర్‌కు ఓటీపీ వెళ్తుందన్నారు, ఆ నంబర్ ఎప్పుడో ఇంకెవరికో వెళ్లిపోయింది. ఆధార్ చేతిలో లేక ఫ్రీ బస్సుకూ టికెట్ కొనుక్కుంది. పొదుపు సంఘంలో పేరు కొట్టేశారు, అంటే లోను దారి మూసుకుపోయింది. నెలన్నర తిరిగి వేలిముద్రలతో అన్నీ సరిచేసుకుని ఏజెన్సీకి మళ్లీ వెళ్తే అప్పుడు పోలీస్ వెరిఫికేషన్ అన్నారు. ఇక వెళ్లలేదు. "చిప్పకూడు తిన్నదానికి ఏసీ ఆఫీసు తుడుసుడు గూడ ఎక్కువనా అక్కా" అని నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

ఉండడానికి చోటు కూడా ఇంతే ముఖ్యం. 2001-02లో కేంద్రం తెచ్చిన స్వధార్ పథకంలో, జైలు నుంచి విడుదలై ఇంటివాళ్ల ఆసరా లేని ఆడవాళ్లు కూడా అర్హులని స్పష్టంగానే రాశారు. ఇప్పుడది శక్తి సదన్ పథకంలో కలిసింది. కాగితం మీద తలుపు తెరిచే ఉంది. మా ఆమెకు ఆ మాట జైల్లో ఎవరూ చెప్పలేదు, నేను చెబితే మొదటిసారి వింది.

చివరిగా ఒక తీర్పు. 2006లో సుప్రీంకోర్టు, తల్లులతో పాటు జైల్లో ఉండే పిల్లల గురించి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఉపాధ్యాయ్ కేసులో చాలా చెప్పింది. ఆరేళ్ల దాకా బిడ్డ తల్లి దగ్గరుండొచ్చంది, తిండి, చదువు, వైద్యం ఎలా ఉండాలో చెప్పింది. అందులో ఒక చిన్న వాక్యం నాకు బాగా నచ్చింది. జైల్లో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలని రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి.

మొన్న మే నెలలో కాటేదాన్ వైపు స్కూల్ యూనిఫాములు కుట్టే ఒక చిన్న యూనిట్‌లో మనుషులు కావాలన్నారు. ఒక్కటే కొలత, వందల జతలు, ఆమెకు చేతివాటం ఉన్న పనే. దరఖాస్తు కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది, రాసిపెట్టమని. ఇంతకుముందు ఏం పని చేశారన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది.

"యూనిఫాం కుట్టుడు, ఆరేండ్లు అని రాయక్కా."

ఎక్కడ అన్న గడి ఇంకోటి ఉంది. నేను ఆమె వైపు చూశాను.

"చంచల్‌గూడ అని రాయి. ఆడ మస్తు గల్లీలున్నయి."