చవక ఎలక్ట్రిక్ గిటార్‌ను మెరుగుపరచడం: అపోహలు – వాస్తవాలు

చవకగా కొన్న గిటార్‌లో కొన్నాళ్లకే ఏదో ఒకటి మార్చాలనిపించడం సహజం. అది మంచి ఆలోచనే. అయితే మరమ్మతుకు నా దగ్గరికి వచ్చే గిటార్లలో చాలావాటికి ఖరీదైన పికప్‌లు (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు), మెరిసే ట్యూనర్లు (తీగను తిప్పి శృతి చేసే మరలు) అప్పటికే బిగించి ఉంటాయి, అసలు లోపం మాత్రం కదలకుండా అక్కడే ఉంటుంది. డబ్బు ఖర్చయి, వాయించేవాళ్లకు సుఖం దక్కకపోవడం చూస్తే బాధేస్తుంది. అందుకే తరచుగా వినే అపోహలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అపోహ: ధర తక్కువంటే చెక్కా నాసిరకమే, సామానూ నాసిరకమే.

వాస్తవం: ఇప్పుడు బాడీలనూ నెక్‌లనూ (తీగలు నొక్కే పొడవాటి కాడలనూ) కంప్యూటర్‌తో నడిచే యంత్రాలే కోస్తున్నాయి. ఖరీదైనదానికీ చవకదానికీ ఆ కోతలో ఉండే తేడా ఒకప్పటంత పెద్దది కాదు. చవక గిటార్‌లో ప్రధానంగా తగ్గించేది మనిషి చేతిపని. ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) అంచులను నున్నగా రాయడం, ఫ్రెట్లన్నిటినీ ఒకే ఎత్తుకు తేవడం, నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) గాడులను సరైన లోతుకు కోయడం నిదానంగా, కంటితో చూసుకుంటూ చేయాల్సిన పనులు. ధర దిగాలంటే ఫ్యాక్టరీలో ముందు తగ్గేది ఈ పనికి ఇచ్చే సమయమే. ఆ వదిలేసిన పనిని మనం పూర్తిచేస్తే గిటార్ తీరే మారిపోతుంది.

చెక్క సంగతికొస్తే, 1950లలో డానెలెక్ట్రో కంపెనీ చెక్క చట్రానికి ముందూ వెనకా మేసొనైట్ (చెక్కపీచును నొక్కి చేసిన) అట్టలు అతికించి గిటార్లు చేసింది, పికప్‌లను లిప్‌స్టిక్ గొట్టాల్లో పెట్టింది. అప్పట్లో అవి కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనే చవక గిటార్లు. తర్వాత అలాంటి డానెలెక్ట్రోనే గిటారిస్ట్ జిమ్మీ పేజ్ తన రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ కచేరీల్లో వాయించారు. ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్ పసిగట్టేది అయస్కాంత క్షేత్రంలో ఉక్కు తీగ కదలికను. పికప్ ఎక్కడుంది, తీగకు ఎంత దగ్గరగా ఉంది అన్నవి స్వరాన్ని మార్చినంతగా బాడీ చెక్క మార్చదని నా అభిప్రాయం.

అపోహ: మొదట మార్చాల్సింది పికప్‌లే.

వాస్తవం: తీగ ఫ్రెట్‌కు తగిలి బర్రుమంటుంటే, కొత్త పికప్ ఆ బర్రుమనే చప్పుడునే ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. ఫ్రెట్లు, నట్ సరిచేయకుండా పికప్‌ల మీద ఖర్చుపెట్టడం నేల విడిచి సాము చేయడమే.

పైగా పాత పికప్‌లను ఒక్కసారైనా సరైన ఎత్తులో పెట్టి విన్నవాళ్లు తక్కువ. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిపట్టి, తీగ అడుగు నుంచి పికప్ పోల్‌పీస్ (తీగ కింద ఉండే లోహపు బొడిపె) వరకు ఉన్న దూరం కొలవండి. హంబకర్‌కైతే (రెండు కాయిల్స్, అంటే రెండు రాగి తీగ చుట్టలు ఉన్న పికప్) సన్న తీగ వైపు 2 మి.మీ., లావు తీగ వైపు 2.5 మి.మీ. దగ్గర మొదలుపెట్టి, చెవికి నచ్చేదాకా స్క్రూలను కొద్దికొద్దిగా తిప్పండి. పోల్‌పీస్‌లే అయస్కాంతాలుగా ఉండే సింగిల్ కాయిల్స్‌ను ఇంకా కిందికి దించాలి. అవి మరీ దగ్గరగా ఉంటే తీగను లాగేస్తాయి. అప్పుడు లావు తీగ మీద పై ఫ్రెట్లలో ఒకే స్వరం రెండుగా చీలినట్టు, అలలు అలలుగా ఊగుతుంది. ఇంటోనేషన్ (నెక్ పొడవునా స్వరాలు శృతిలో పలకడం) ఎంత సరిచేసినా కుదరని గిటార్లలో కొన్నిటికి కారణం ఇదే. దీనికి కావాల్సింది ఒక స్క్రూడ్రైవర్ మాత్రమే.

దీని పక్కనే తిరిగే ఇంకో మాట, ‘ఓమ్‌లు ఎక్కువుంటే పికప్ శక్తి ఎక్కువ’ అని. ఓమ్ విద్యుత్ నిరోధానికి కొలమానం. రాగి తీగ సన్నబడినా నిరోధం పెరుగుతుంది. 42 గేజ్ తీగతో చుట్టిన కాయిల్‌నూ అంతకన్నా సన్నని 43 గేజ్ తీగతో చుట్టినదాన్నీ మీటర్‌తో కొలిచి పోల్చడంలో అర్థం లేదు. చుట్లు ఎన్ని, అయస్కాంతం ఏది, కాయిల్ ఆకారం ఏమిటి అన్నవన్నీ కలిస్తేనే పికప్ స్వభావం. ఒకే రకం తీగతో, ఒకే డిజైన్‌లో చేసినవాటి మధ్య మాత్రం ఆ అంకె కొంత పనికొస్తుంది.

అపోహ: శృతి నిలవడం లేదంటే లాకింగ్ ట్యూనర్లు (తీగను బిగించి పట్టుకునేవి) వేయాలి.

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. శృతి తప్పినప్పుడు నేను ట్యూనర్ కన్నా ముందు నట్‌ను చూస్తాను. గాడి ఇరుకుగా ఉంటే తీగ అందులో పట్టేస్తుంది. ట్యూనర్ తిప్పుతుంటే స్వరం కాసేపు కదలకుండా ఉండి, ఒక్కసారిగా టింగుమని ఎగిరిందా? అది నట్ తప్పే.

ఇంకో పరీక్ష ఉంది. శృతి చేసి, మూడో తీగను బలంగా బెండ్ చేసి (పక్కకు లాగి) వదలండి. స్వరం కిందికి దిగిందనుకుందాం. ఇప్పుడు నట్‌కూ ట్యూనర్‌కూ మధ్య ఉన్న తీగ ముక్కను వేలితో ఒకసారి నొక్కి వదలండి. స్వరం మళ్లీ పైకి వస్తే ట్యూనర్‌కు ఏ పాపమూ తెలియదు. బెండ్ చేసినప్పుడు నట్ దాటి వచ్చిన తీగ వెనక్కి వెళ్లలేక ఆగిపోయింది, అంతే. ట్రెమొలో (బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్‌ను ఊపే అమరిక) బార్‌ను కిందికి నొక్కి వదిలినప్పుడు దీనికి తిరగబడి జరుగుతుంది. తీగ ట్యూనర్ వైపు జరిగి అక్కడే చిక్కుకుంటే శృతి పైకి పోతుంది.

గాడిలో పెన్సిల్ గ్రాఫైట్ రాయడంతో చాలాసార్లు సగం సమస్య తీరుతుంది. మిగతా సగానికి గాడిని తీగ మందానికి తగినట్టు సన్నని ఆకురాయితో వెడల్పు చేయాలి, లేదంటే ఎముకతోనో గ్రాఫైట్ కలిపిన పదార్థంతోనో చేసిన కొత్త నట్ వేయాలి. కొత్త తీగలను లాగి సాగదీయకపోయినా, ట్యూనర్‌కు వదులుగా చుట్టినా శృతి జారుతుంది. లాకింగ్ ట్యూనర్లు చుట్లు తగ్గిస్తాయి, తీగలు మార్చే పనిని త్వరగా ముగిస్తాయి. నాకూ అవి ఇష్టమే. కానీ ఇరుకు గాడికి అవి మందు కాదు.

నట్ గాడి లోతు ఇంకో ముఖ్య విషయం. తీగను 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కిపట్టి మొదటి ఫ్రెట్ మీద చూడండి. అక్కడ వెంట్రుకవాసి సందు ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే మొదటి ఫ్రెట్ల దగ్గర కార్డులు (కలిపి పలికే స్వరాలు) నొక్కేటప్పుడు వేళ్లు నొప్పి పెడతాయి, స్వరాలూ హెచ్చుగా పలుకుతాయి. ‘ఓపెన్ తీగలు శృతిలో ఉన్నాయి కానీ కార్డు అపస్వరంగా ఉంది’ అనేవాళ్లలో చాలామంది గిటార్లకు ఉన్న లోపం ఇదే. ఆకురాయిని రెండు తోపులకోసారి ఆపి చూసుకోండి. సందు పూర్తిగా పోతే నట్ మార్చాల్సి వస్తుంది.

అపోహ: యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) తగ్గించాలంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) తిప్పాలి.

వాస్తవం: ట్రస్ రాడ్ పని నెక్ వంపును సరిచేయడం. తీగల ఎత్తును సరిచేయాల్సింది సాడిళ్ల (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే చిన్న భాగాల) దగ్గర. మొదటి ఫ్రెట్‌నూ చివరి ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కిపట్టి, 7, 8 ఫ్రెట్ల దగ్గర సందు చూడండి. 0.2 నుంచి 0.3 మి.మీ. ఉంటే చాలు. తిప్పాల్సి వస్తే ఒకసారికి పావు చుట్టు మించొద్దు. మళ్లీ శృతి చేసి, నెక్‌కు కుదురుకునే సమయమిచ్చి కొలవండి.

తీగల గేజ్ (మందం) మారిస్తే ఇదంతా మళ్లీ చేయాలి. 648 మి.మీ. స్కేల్ (నట్ నుంచి సాడిల్ వరకు తీగ పొడవు) గిటార్ మీద 9–42 సెట్ (సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) మొత్తం సుమారు 39 కిలోల బలంతో లాగితే, 10–46 సెట్ సుమారు 47 కిలోలతో లాగుతుంది. నెక్ ఆ తేడాకు తప్పకుండా స్పందిస్తుంది, ట్రెమొలో వెనక స్ప్రింగులు కూడా. క్రమం ఇది: శృతి, నెక్ వంపు, నట్, సాడిల్ ఎత్తు, పికప్ ఎత్తు, అన్నిటికన్నా చివర ఇంటోనేషన్. 12వ ఫ్రెట్‌లో నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కన్నా హెచ్చుగా ఉంటే సాడిల్‌ను వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకు జరపాలి.

అపోహ: లోపల రాగి టేప్ అంటిస్తే హమ్ (ఆగకుండా వచ్చే రొద) మొత్తం పోతుంది.

వాస్తవం: గిటార్‌లోకి వచ్చే రొద రెండు రకాలు. డిమ్మర్లు, స్క్రీన్లు, చార్జర్ల నుంచి వచ్చే విద్యుత్ క్షేత్రపు జుయ్‌మనే చప్పుడును రాగి టేప్ బాగానే ఆపుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రపు గుయ్యిని మాత్రం పల్చటి రాగి ఆపలేదు. దాని కోసమే గిబ్సన్ గిటార్ కంపెనీలో ఇంజినీర్ సెత్ లవర్ రెండు కాయిల్స్‌ను ఎదురెదురుగా కలిపే హంబకర్‌ను రూపొందించి 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. టేప్ అంటించేవాళ్లు ముక్కల మధ్య విద్యుత్ పారుతోందో లేదో మీటర్‌తో చూడండి. గ్రౌండ్‌కు కలపని టేప్ ఉన్నా లేనట్టే.

తీగలను ముట్టుకుంటే చప్పుడు తగ్గుతోందని భయపడుతూ అడిగేవాళ్లు చాలామంది. తగ్గడం మామూలే, బ్రిడ్జ్‌కు గ్రౌండ్ వైరు ఉందని అర్థం. ముట్టుకుంటే పెరిగితే మాత్రం జాక్ (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయేమో చూడాలి. ఆంప్ (యాంప్లిఫైయర్) ప్లగ్‌కు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కూడా చూసుకోండి, ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

అపోహ: నూనెలో ముంచిన పాతకాలపు కెపాసిటర్ (టోన్ నాబ్ తిప్పినప్పుడు పదునైన స్వరాలను తగ్గించే భాగం) వేస్తే స్వరం తియ్యబడుతుంది.

వాస్తవం: విలువ ఒకటే అయితే స్వరమూ ఒకటే. 0.022 మైక్రోఫారడ్ నుంచి 0.047కు మారిస్తే టోన్ తగ్గించినప్పుడు తేడా తెలుస్తుంది. రకం మారిస్తే తెలియదు. పాట్ (నాబ్ కింద తిరిగే నిరోధకం) విలువను పట్టించుకోండి. సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓమ్‌లు, హంబకర్‌కు 500 అన్నది వాడుక. హంబకర్ ఉన్న గిటార్‌లో 250 పాట్లు కనిపిస్తే, స్వరం మందకొడిగా ఉండటానికి అవే కారణం కావచ్చు.

అపోహ: పికప్ కీచుమంటే పారేయాలి.

వాస్తవం: కాయిల్ వదులుగా ఉండి కంపించడం వల్ల వచ్చే కీచు అది. మైనంలో నానబెడితే పోతుంది. రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ తన ఫ్రాంకెన్‌స్టైన్ అనే గిటార్‌లోని గిబ్సన్ పికప్‌ను ఇలాగే మైనంలో ముంచారు. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. 65 డిగ్రీల సెల్సియస్ దాటితే ప్లాస్టిక్ బాబిన్ (కాయిల్ చుట్టిన కండె) వంగిపోయే ప్రమాదం ఉంది.

అపోహ: ఆకారం ఒకటే కాబట్టి ఏ విడిభాగమైనా సరిపోతుంది.

వాస్తవం: కొనేముందు కొలిచే స్కేలు తీయండి. పాతకాలపు ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ తరహా ట్రెమొలోలో తీగల మధ్య దూరం సుమారు 11.3 మి.మీ. ఉంటే, చాలా చవక గిటార్లలో 10.5 మి.మీ. ఉంటుంది. బాడీ పల్చగా ఉంటే పొడవాటి ట్రెమొలో దిమ్మ వెనక నుంచి బయటికి పొడుచుకొస్తుంది. పాట్లలోనూ అంతే. పెద్ద పాట్ మరకు చిన్న పాట్ కోసం తొలిచిన రంధ్రం చాలదు, కాడకున్న పళ్ల సంఖ్య వేరైతే పాత నాబ్ ఎక్కదు. ట్యూనర్ రంధ్రం 10 మి.మీ. ఉందా, అంతకన్నా చిన్నదా అన్నదీ ముందే చూసుకోవాలి. ఇవేవీ అడగకుండానే మార్చదగ్గ భాగం ఒకటుంది, జాక్. వదులైన జాక్ కచేరీ మధ్యలో గొంతు నొక్కేస్తుంది.

అపోహ: ఎంత ఖర్చుపెడితే అమ్మేటప్పుడు అంత తిరిగొస్తుంది.

వాస్తవం: రాదు. తీసేసిన భాగాలను దాచిపెట్టండి. అమ్మేటప్పుడు పాతవి బిగించి, మంచివి మీ తర్వాతి గిటార్‌కు వాడుకోండి.

అపోహ: ఓపికుంటే ఏ గిటార్‌నైనా బాగుచేయొచ్చు.

వాస్తవం: ఖర్చు మొదలుపెట్టేముందు మూడు చూడండి. హెడ్‌స్టాక్ (ట్యూనర్లు ఉండే చివర) వైపు నుంచి నెక్ పొడవునా చూస్తే నట్, చివరి ఫ్రెట్ ఒకదానికొకటి సమాంతరంగా కనిపించాలి. మెలి తిరిగితే ఏ సర్దుబాటూ దాన్ని సరిచేయదు. ట్రస్ రాడ్ పూర్తిగా బిగిసి ఉండి కూడా నెక్ వంగే ఉంటే అదీ అంతే. మూడోది, తీగలు ఫ్రెట్‌బోర్డ్ మధ్యలో నడుస్తున్నాయా అన్నది. ఒకపక్క తీగ అంచు మీంచి జారిపోతుంటే, నెక్ బోల్టులు కాస్త వదులుచేసి పక్కకు జరిపితే చాలాసార్లు సరిపోతుంది. బోల్టులతో బిగించిన నెక్ పాడైతే మార్చి ఇంకోటి వేసుకోవచ్చు. జిగురుతో అతికించిన నెక్ చవక గిటార్‌లో మెలి తిరిగితే మాత్రం దాని మీద ఒక్క తీగల సెట్ ఖర్చు కూడా పెట్టొద్దని చెబుతాను. పికప్‌లు, ట్యూనర్లు విప్పి తీసుకోండి.