నగరం కొలత ఏ చుక్క దగ్గర మొదలవుతుంది?

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

రోడ్డు పక్క బోర్డు మీద నగరం పేరు, ఎదురుగా 30 కి.మీ. అని ఉంటుంది కదా. "ఆ 30 ఎక్కడికి తాతయ్యా? పొలిమేరకా, నడిబొడ్డుకా?" అని మీలో ఒకరు అడిగారు. ఆ ప్రశ్న నాకెంతో నచ్చింది. తీరిగ్గా రాస్తానన్నాను, ఇదిగో రాస్తున్నాను.

ముందు ఒక పని చేయండి. ఏదైనా నగరం మ్యాప్‌ను గట్టి అట్ట మీద అతికించి, సరిహద్దు గీత వెంట కత్తిరించండి. అంచు దగ్గర గుండుసూదితో బెజ్జం పెట్టి, అట్ట ఊగేలా గోడకు వేలాడదీయండి. అదే సూదికి దారం కట్టి, కొసకు ఒక తాళంచెవి కట్టండి. ఊగడం ఆగాక దారం వెంట గీత గీయండి. ఇంకో అంచున బెజ్జం పెట్టి మళ్లీ ఇలాగే చేయండి. రెండు గీతలూ కలిసిన చోట వేలికొన ఆనిస్తే అట్ట పడిపోకుండా నిలుస్తుంది. అదే గరిమనాభి.

మరి అదే కేంద్రం అనుకోవచ్చు కదా? చిక్కల్లా ఏమిటంటే, నగరం పెరుగుతూనే ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్లు కలిశాయంటే అట్ట ఆకారం మారి, చుక్క జరిగిపోతుంది. నగరం నెలవంకలా సముద్రాన్ని చుట్టుకుని ఉంటే చుక్క నీళ్లలో పడినా పడవచ్చు! పోనీ మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారో చూసి లెక్కకడదామన్నా అంతే. అమెరికా జనాభా లెక్కలవాళ్లు తమ దేశానికి అలా కట్టిన కేంద్రం 1790లో తూర్పున మేరీల్యాండ్‌లో ఉండేది. 2020 నాటికి అది ఎంతో పడమటికి, మిస్సోరికి చేరింది.

కొలత మొదలయ్యే చోటు ఇలా నడుస్తూ ఉంటే ఎలా? అందుకే కదలని ఒక చోటు చూసుకుని, ఇక్కడి నుంచే కొలుద్దామని అంతా ఒప్పుకుంటారు. అంటే అది లెక్కలో తేలేది కాదు, ఒప్పందంతో వచ్చేది.

లండన్ సంగతే చూడండి. 1290లో ఎలినార్ రాణి చనిపోతే, ఆమె భౌతికకాయాన్ని లండన్‌కు తెస్తూ రాత్రిళ్లు ఆగిన చోటల్లా ఆమె భర్త ఎడ్వర్డ్ రాజు ఒక శిలువ స్తంభం కట్టించాడు. చివరిది చేరింగ్ అనే పల్లెలో. దాంతో ఆ చోటు పేరు చేరింగ్ క్రాస్ అయింది. 1647లో ఆ స్తంభాన్ని కూల్చేశారు. 1675 నుంచి అక్కడ గుర్రం మీద కూర్చున్న మొదటి ఛార్లెస్ రాజు విగ్రహం ఉంది. లండన్‌కు దూరాలు ఈ విగ్రహం దగ్గరి నుంచే కొలుస్తారు. నల్ల టాక్సీ నడపాలంటే ఇక్కడి నుంచి 6 మైళ్ల లోపు వీధులన్నీ నోటికి రావాలి! చాలామంది దగ్గర్లోని రైల్వే స్టేషన్ ముందున్న స్తంభమే ఆ పాతది అనుకుంటారు. అది 1860లలో కట్టిన కొత్తది. ఇక అట్ట లెక్కన చూస్తే లండన్ మధ్యభాగం థేమ్స్ నదికి అవతల, లాంబెత్‌లో పడుతుంది. అయినా కొలత విగ్రహాన్ని వదిలి వెళ్లలేదు.

పారిస్‌లో నోటర్ డామ్ చర్చి ముందు, నేలలో పొదిగిన కంచు పలక దగ్గర కొలత మొదలవుతుంది. టోక్యోలో నిహోంబాషి వంతెన మీద, సరిగ్గా బండ్లు తిరిగే దారి నడుమ ఆ గుర్తు ఉంది.

కాబట్టి బోర్డు మీది 30 పొలిమేరకు కాదు, అలా ఒప్పుకున్న చోటుకు. ఇళ్లు, దుకాణాలు మొదలయ్యాక కూడా ఇంకా 12 అని కనబడితే బోర్డు తప్పనుకోకండి.

మీ అట్టలో చుక్క ఎక్కడ పడిందో, అక్కడి నుంచి ఆ నగరం అధికారిక కేంద్రం ఎంత దూరమో స్కేలుతో కొలిచి నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
మీ తాతయ్య