సంఘం అంటే శాలువాలేనా? బండల ఊరి నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురం జిల్లా తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్ నడుపుతూ, కొన్నేళ్లు యజమానుల సంఘం కార్యదర్శిగా పనిచేశాను. బయటి ఊళ్లలో 'కడప బండలు' అని అమ్ముడుపోయే నల్లబండలే మా సరుకు. సంఘం గురించి ఊళ్లో తిరిగే మాటలు ఇన్నీ అన్నీ కావు. కొన్నింటికి జవాబు రాస్తున్నాను.

అపోహ: సంఘం పెట్టేదే అందరూ కలిసి రేటు కట్టడానికి.

పోటీదారులు కూడబలుక్కుని ధర నిర్ణయించడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం చెల్లదు. సంఘం తీర్మానం రూపంలో చేసినా అంతే. జరిమానా సంఘంతో పాటు బాధ్యులైన పెద్దలకూ పడవచ్చు. ఒకసారి సమావేశంలో చదరపు అడుగుకు ఇంత అని రాయమని పట్టుబట్టారు. కలానికి మూత పెట్టేశాను. రాసినా నిలిచేది కాదులెండి. పట్టుబట్టినవారిలోనే ఒకరు ఆ సాయంత్రం రూపాయి తగ్గించి లోడు పంపారు.

అపోహ: కరెంటు సంగతి నాయకులు చూసుకోవాలి, సంఘంతో ఏమవుతుంది?

చార్జీలు నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే టారిఫ్ ఉత్తర్వు ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం చెబుతోంది. మొదటి ఏడాది మేము పంపింది ఒక్క పేజీ. 'చార్జీలు పెంచవద్దని సవినయంగా కోరుతున్నాము', కింద వరుసగా సంతకాలు, ముద్ర. అందులో ఒక్క అంకె లేదు. దాన్ని చదివి ఎవరు మాత్రం ఏం చేయగలరు?

మరుసటి ఏడాది సభ్యుల దగ్గర పన్నెండు నెలల బిల్లులు పోగు చేశాం. ఆ పని మీద తిరుగుతుంటే ఒక యూనిట్‌లో గోడ కనిపించింది. కోత మిషను మీద పనిచేసే కుర్రవాడు కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ సుద్దముక్కతో రాసి పెట్టుకున్నాడు. బ్లేడు బండ మధ్యలో ఆగి మళ్లీ తిరిగితే అక్కడ గీత పడుతుంది. పాలిష్‌తో పూర్తిగా పోదు, బండ రెండో రకం కిందికి జారిపోతుంది. తప్పు తనది కాదని యజమానికి చూపడానికే ఆ రాతలు. వాటిని కాగితం మీదికి ఎక్కించి, పాడైన బండల లెక్క పక్కన చేర్చి, అటు మండలి విచారణకూ ఇటు స్థానిక విద్యుత్ ఇంజనీర్లకూ ఇచ్చాం. చార్జీ పైసా తగ్గలేదు. పాత లైను మాత్రం మార్చారు. నా లెక్కలో అదే పెద్ద లాభం.

అపోహ: బాకీ రాకపోతే సంఘం పెద్దలు ఒక ఫోను చేస్తే చాలు.

ఫోను చేస్తే మర్యాదగా మాట్లాడతారు, డబ్బు రాదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవారు, ఒప్పందం ఏదైనా సరే, 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కు మూడు రెట్ల చక్రవడ్డీ. అయితే ఇలాంటి బాకీల తగువులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవలసింది యూనిట్ యజమానే. సరుకు పంపకముందే ఉద్యమ్ నమోదు, అంటే చిన్న పరిశ్రమగా కేంద్ర ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు, లేకపోతే అక్కడ చిక్కు వస్తుంది. ఆ నమోదు చేయించడం, బిల్లు మీద ఆ నంబరు వేయించడం సంఘం చేయగల పని. ఇందులో శాలువాలు ఉండవు, అందుకే ఎవరూ ముందుకు రారు.

అపోహ: సంఘం ఉన్నది సభ్యులను వెనకేసుకు రావడానికే.

దీనికి మేమే కారణం. బండ కోసేటప్పుడు నీళ్లతో కలిసి వచ్చే రాతిపొడి మడ్డిని కొందరు రాత్రిళ్లు ట్రాక్టర్లతో రోడ్డు పక్కనే పోసేవారు. ఎండాక లారీ వెళితే చాలు, పక్క ఇళ్లలో ఆరేసిన బట్టలు బూడిదరంగుకు తిరిగేవి. వానకు అదే మడ్డి కాలువలో గట్టిపడేది. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా 'విచారిస్తాం' అని చెప్పి పంపేవాళ్లం. చివరికి ప్రతి యూనిట్‌లో మడ్డి తేరుకునే తొట్టి ఉండాలని, బయట పోసినవారు శుభ్రం చేయించే ఖర్చు భరించి జరిమానా కట్టాలని తీర్మానించాం. మొదటి రశీదు మా అధ్యక్షుడి యూనిట్ పేరు మీదే రాయాల్సి వచ్చింది. ఆయన డబ్బు కట్టారు. నెల రోజులు నాతో మాట్లాడలేదు.