ముందు వరుస కేకలు: సుబ్బిశెట్టి నుంచి స్టాండప్ దాకా

ఒంగోలులోనో నెల్లూరులోనో కామెడీ షో పెడితే, నటుడి మాట పూర్తికాకముందే ముందు వరుసలో ఎవరో ఒకరు అందుకుంటారు. ఇది సెల్‌ఫోన్ వీడియోలు తెచ్చిన జబ్బని నిర్వాహకులు విసుక్కుంటారు. అది సగమే నిజం. అసలు ఈ ప్రాంతంలో ప్రేక్షకుడు నోరు మూసుకుని కూర్చున్నదెప్పుడు?

తిరునాళ్లలో పద్యనాటకం చూసినవారికి ఇది కొత్త కాదు. రాగం ముగిసీ ముగియకముందే ‘వన్స్‌ మోర్’ అంటూ కేకలు. కాటిసీనులో చంద్రమతి కొడుకు శవం మీద పడి ఏడుస్తుంటే ఒక పెద్దమనిషి స్టేజీ ఎక్కి హరిశ్చంద్రుడి కంబళికి నోటు గుచ్చి దిగుతాడు. మైకులో ఆయన పేరు, ఊరు చదివేదాకా హార్మోనిస్టు శ్రుతి వదలడు. ఆ తర్వాత ఏడుపు ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలు. దీన్నెవరూ గొడవ అనలేదు. నాటక సమాజానికి అదే రాబడి మరి.

హాస్యం దగ్గరికొచ్చేసరికి వ్యవహారం చెడింది. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ని వేశ్యావ్యసనాన్ని ఎండగట్టడానికి రాశారు. జనం ఈలలు వేసినకొద్దీ అందులో వేశ్య మోజులో పడిన వైశ్య వర్తకుడు సుబ్బిశెట్టి పాత్రకు మాటలు పెరిగాయి. రచయిత రాయని ద్వంద్వార్థాలు వచ్చి చేరాయి. ఆ పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పారు. చివరకు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నాటకాలను నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చిన బ్రిటిష్‌వారి 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం రద్దయి అప్పటికి నాలుగేళ్లే. ఈలలు వేసినవారికి పోయిందేమీ లేదు. ఆ వేషం మీద బతికినవారి పొట్ట కొట్టినట్టయింది.

స్టాండప్‌లో హార్మోనియం అడ్డు కూడా లేదు. ఒక్క మనిషి, ఒక్క మైకు. పైగా కమెడియన్లే ‘క్రౌడ్ వర్క్’ పేరుతో ప్రేక్షకులను కదిలించి, ఆ ముక్కలు నెట్‌లో పెడుతున్నారు. టికెట్ కొన్నవాడు తనకూ ఒక వేషం ఉందనుకుంటే ఆశ్చర్యమేముంది?

నవ్వడానికి కాక ఆపడానికి వచ్చేవారి సంగతి వేరు. 2021 జనవరిలో ఇండోర్‌లో స్టాండప్ కమెడియన్ మునవ్వర్ ఫారుఖీ షోను కొందరు అడ్డుకున్నారు. అరెస్టయింది మాత్రం ఆయనే. నెల దాటాక సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. మరుసటి ఏడాది హైదరాబాద్ శిల్పకళా వేదికలో ఆయన షో పోలీసు పహారాలో జరిగింది. 2025 మార్చిలో మరో కమెడియన్ కునాల్ కమ్రా వీడియోపై ఆగ్రహించినవారు దాన్ని చిత్రీకరించిన ముంబై హాలును ధ్వంసం చేశారు. కమ్రా అప్పుడు ఆ హాల్లోనే లేరు. చిన్న పట్టణంలో హాలు అద్దెకిచ్చే మనిషి జోకుల చిట్టా ముందే చూపించమంటే, ఆయనను పిరికివాడని అనడం కష్టం.